గ్యాస్ బర్నర్‌కు ఫ్లేమ్ సెన్సర్ అమర్చడం: ఎంపిక నుంచి చివరి పరీక్ష దాకా

డీజిల్‌తోనో ఫర్నేస్ ఆయిల్‌తోనో నడుస్తున్న బాయిలర్‌ను పైపు గ్యాస్‌కు మార్చేటప్పుడు యాజమాన్యం దృష్టి సహజంగానే బర్నర్ ధర మీదా, గ్యాస్ ట్రెయిన్ (బర్నర్‌కు గ్యాస్ తెచ్చే వాల్వులు, స్విచ్‌ల వరుస) మీదా, లైను అనుమతుల మీదా ఉంటుంది. మంటను పసిగట్టే సెన్సర్‌ను మాత్రం బర్నర్‌తో పాటు పెట్టెలో వచ్చిన చిన్న వస్తువుగానే చూస్తారు. ఫిట్టర్ దానిని ఖాళీగా కనిపించిన రంధ్రంలో బిగిస్తాడు, మంట వెలగగానే ప్యానెల్ మీద పచ్చ దీపం వస్తుంది, పని పూర్తయిందనుకుంటారు. ఆ పచ్చ దీపం చెప్పేది సగం సంగతే. మంట ఉన్నప్పుడు ఉందని చెప్పడం సెన్సర్‌కున్న రెండు పనుల్లో సులువైనది. ఎదురుగా ఇటుక ఎర్రగా కాలి ఉన్నా, పక్కన ఇగ్నిషన్ నిప్పురవ్వ మెరుస్తున్నా, వైరులోకి తేమ చేరినా, మంట లేనప్పుడు లేదనే చెప్పడం రెండోది, కష్టమైనది. కింద చెప్పిన పనుల్లో ఎక్కువ భాగం ఆ రెండో దానికోసమే.

ఈ కష్టం ఎందుకు పడాలో ఒక లెక్కతో చూడండి. సహజ వాయువు గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం వరకు కలిసినప్పుడు అంటుకుంటుంది. గంటకు 3 టన్నుల ఆవిరి ఇచ్చే ఫైర్‌ట్యూబ్ బాయిలర్ (వేడి వాయువులు గొట్టాల లోపల, నీరు బయట ఉండే రకం) పూర్తి భారంలో గంటకు 200 ఘనపు మీటర్లకు పైగా గ్యాస్ తీసుకుంటుంది. దానిని మండించడానికి ఫ్యాన్ గంటకు దాదాపు 2,400 ఘనపు మీటర్ల గాలి నెడుతుంది. మంట ఆరిపోయినా ఈ రెండూ లోపలికి వస్తూనే ఉంటాయి గనక, వచ్చే మిశ్రమమే మండే పాళ్లలో ఉంటుంది. కొలిమి, పొగ గొట్టాలు, చివరి పెట్టెలు కలిపి 5 ఘనపు మీటర్లనుకుంటే, అవి ఆ మిశ్రమంతో నిండడానికి 7 లేదా 8 సెకన్లు చాలు. ఆ తరువాత దానికి కావలసింది ఎర్రగా కాలిన ఒక ఇటుక ముక్క మాత్రమే.

పని మొదలుపెట్టే ముందు గ్యాస్ చేతి వాల్వులను మూసి తాళం వేయండి, ప్యానెల్ కరెంటు తీసి ట్యాగ్ కట్టండి, బర్నర్ తయారీదారు, కంట్రోలర్ (సెన్సర్ సంకేతాన్ని బట్టి గ్యాస్ వాల్వులను తెరిచి మూసే పరికరం) తయారీదారు ఇచ్చిన రెండు పుస్తకాలనూ దగ్గర పెట్టుకోండి. ఇక్కడ చెప్పిన సంఖ్యకూ ఆ పుస్తకంలోని సంఖ్యకూ తేడా వస్తే పుస్తకంలోనిదే పాటించాలి. బాయిలర్ నిర్వహణకు అర్హత పత్రం ఉన్న ఇంజనీర్ పరీక్షల సమయంలో అక్కడే ఉండాలి. గ్యాస్ లైనులో పనిచేసే అనుభవం లేనివారు వైరింగ్ వరకే ఆగిపోవడం మంచిది.

సెన్సర్ రకాన్ని నిర్ణయించడం

ముందుగా పాత సెన్సర్ ఏదో గుర్తించండి. చిన్న డీజిల్ బర్నర్లలో సాధారణంగా ఉండేది ఫోటోసెల్. ఇది కంటికి కనిపించే వెలుతురుకు స్పందిస్తుంది. నూనె మంట పసుపు పచ్చగా వెలుగుతుంది గనక అక్కడ ఇది బాగానే పనిచేస్తుంది. గ్యాస్ మంట నీలంగా ఉంటుంది, దానిలో ఈ సెల్‌కు కనిపించే వెలుతురు తక్కువ. కాలిన రిఫ్రాక్టరీ (కొలిమి లోపల వేడిని తట్టుకునే ఇటుక) వెలుతురు మాత్రం దీనికి బాగా కనిపిస్తుంది. అంటే గ్యాస్ బర్నర్ మీద ఇది చూడవలసిన దాన్ని చూడదు, చూడకూడని దాన్ని చూస్తుంది. ఖర్చు తగ్గుతుందని పాత ఫోటోసెల్‌నే కొత్త గ్యాస్ బర్నర్‌కు తగిలించమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి.

గ్యాస్‌కు పనికివచ్చే వాటిలో అన్నిటికంటే సరళమైనది ఫ్లేమ్ రాడ్. మంటలో ఉన్న అయాన్ల వల్ల మంట కొద్దిగా విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. మంటలోకి చొచ్చుకుని ఉన్న రాడ్‌కూ బర్నర్ లోహానికీ మధ్య ఏసీ వోల్టేజి ఇస్తే, రెండు ఎలక్ట్రోడుల వైశాల్యాల్లో తేడా వల్ల కరెంటు ఒక దిశలోనే ఎక్కువగా ప్రవహించి, కొన్ని మైక్రోయాంపియర్ల డీసీగా కంట్రోలర్‌కు చేరుతుంది. ఇందుకు ఎర్తుగా పనిచేసే బర్నర్ లోహం వైశాల్యం, మంటలో ఉన్న రాడ్ వైశాల్యానికి కనీసం నాలుగు రెట్లు ఉండాలి. ఈ పద్ధతిలో ఒక పెద్ద మేలుంది. రాడ్ వంగి లోహానికి తగిలినా, ఇన్సులేటర్ మీద మసి చేరి లీకేజీ వచ్చినా ప్రవహించేది ఏసీయే గనక కంట్రోలర్ దానిని మంటగా పొరబడదు. రాడ్ పాడైతే బర్నర్ ఆగుతుందే గాని ప్రమాదం జరగదు. నూనె మంటకు మాత్రం ఇది పనికిరాదు, మసి దానిని త్వరగా కప్పేస్తుంది. పెద్ద ప్రధాన మంటలో ఎక్కువసేపు ఉంచితే రాడ్ వేడికి వంగిపోతుంది. అందువల్ల దీని అసలైన చోటు గ్యాస్ పైలట్ (ప్రధాన మంటను అంటించే చిన్న మంట), చిన్న గ్యాస్ బర్నర్లు.

మధ్యరకం, పెద్ద గ్యాస్ బర్నర్లకు ఎక్కువగా వాడేది అల్ట్రావయొలెట్ సెన్సర్, ప్లాంటులో అందరూ యూవీ అంటారు. దీని ట్యూబు సుమారు 185 నుంచి 260 నానోమీటర్ల మధ్య ఉన్న కిరణాలకే స్పందిస్తుంది. సూర్యకాంతిలో ఈ భాగం నేలకు దాదాపు చేరదు. రిఫ్రాక్టరీ కూడా సుమారు 1,370 డిగ్రీల సెల్సియస్ దాటేవరకు చెప్పుకోదగ్గంత విడుదల చేయదు. ఈ కారణాలవల్ల గ్యాస్ మంటను గుర్తించడానికి ఇది చాలా అనువైనది. దీని దోషం వేరే చోట ఉంది. ట్యూబు పాతబడినప్పుడు, ఎదుట మంట లేకపోయినా లోపల తనంతట తానే డిశ్చార్జ్ అవుతూ మంట ఉందని చెప్పగలదు. ఫ్లేమ్ రాడ్‌కు పూర్తిగా వ్యతిరేకంగా, ఇది పాడయ్యేది ప్రమాదం వైపే. అందుకే సెల్ఫ్ చెక్ యూవీ అనే రకంలో ట్యూబు ముందు ఒక షట్టర్ కొన్ని సెకన్లకొకసారి మూసుకుంటుంది. మూసుకున్నా సంకేతం వస్తూనే ఉంటే కంట్రోలర్ బర్నర్‌ను ఆపేస్తుంది.

ఎంపికలో అడగవలసిన ముఖ్యమైన ప్రశ్న ఇదే: మీ బాయిలర్ 24 గంటల్లో కనీసం ఒకసారి ఆగి మళ్లీ మొదలవుతుందా? ఆగేటట్లయితే, ప్రతి ప్రారంభంలోనూ మంట లేనప్పుడు సెన్సర్ ఏం చెబుతోందో కంట్రోలర్ తనిఖీ చేస్తుంది గనక మామూలు యూవీ సరిపోవచ్చు. మందుల కంపెనీల్లోనో డైయింగ్ యూనిట్లలోనో రోజుల తరబడి ఆగకుండా నడిచే బాయిలర్ అయితే సెల్ఫ్ చెక్ రకం, దానికి తగిన కంట్రోలర్ తప్పనిసరి. ధర ఎక్కువే. అయినా ఇక్కడ మాత్రం బేరం వద్దు.

ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇది మంట వేడిని కాదు, మంట మిణుకుమిణుకుమనే కదలికను పట్టుకుంటుంది. నూనె, బొగ్గు పొడి మంటలకు బాగా నప్పుతుంది. కాలిన ఇటుక మెరుపు కదలదు గనక దానిని పట్టించుకోదు, కాని ఆ ఇటుకకూ సెన్సర్‌కూ మధ్య పొగ గాని వేడి గాలి గాని అలలుగా కదిలితే మంటేమోనని మోసపోతుంది. బిగింపు వదులై అదిరినా అదే జరుగుతుంది. లెడ్ సల్ఫైడ్ సెల్ ఉన్న రకం 52 డిగ్రీలు దాటితే సున్నితత్వం కోల్పోతుంది. మన వేసవిలో, బాయిలర్ ముఖం దగ్గర, గాలి చల్లదనం లేకుండా 52 డిగ్రీల లోపు ఉంచడం కష్టమే.

గ్యాస్, ఫర్నేస్ ఆయిల్ రెండూ వాడే డ్యుయల్ ఫ్యూయల్ బర్నర్ అయితే మరొక చిక్కు ఉంది. నూనె తుంపరలు, పొగ, కాలని ఆవిరి యూవీ కిరణాలను పీల్చేసుకుంటాయి. గ్యాస్ మీద చక్కగా కనిపించిన మంట నూనె మీద మసకబారుతుంది. అటువంటి చోట యూవీ, ఇన్‌ఫ్రారెడ్ రెండూ ఉన్న సెన్సర్ తీసుకోండి, లేదా రెండు ఇంధనాల మీదా వేర్వేరుగా చూపును పరీక్షించి ఆ తరువాతే చోటు ఖాయం చేయండి.

చూపు రేఖను సరిచూడడం

సెన్సర్ చూపు ఒక సన్నని గొట్టం లాంటిది, ఆ గొట్టంలో ఏం పడిందో అదే దానికి తెలుస్తుంది. యూవీ కిరణాలు మంట మొదట్లో, అంటే బర్నర్ ముఖం నుంచి మొదటి మూడో వంతులోనే దట్టంగా వెలువడతాయి. కాబట్టి సెన్సర్‌ను మంటకు అడ్డంగా కాక, మంట మొదలు వెంబడి వాలుగా చూసేలా, బర్నర్ అక్షానికి చిన్న కోణంలో పెట్టండి. 5 నుంచి 20 డిగ్రీల మధ్య కోణం సాధారణంగా పనికివస్తుంది. అడ్డంగా చూస్తే మంట మందం మాత్రమే చూపులో పడుతుంది, గాలి మారి మంట కాస్త జరిగినా సంకేతం పోతుంది.

ఒకే సెన్సర్ పైలట్‌నూ ప్రధాన మంటనూ చూడాలంటే ఆ రెండూ కలిసే బిందువు చూపు రేఖ మీద ఉండాలి. ఇక్కడ చాలామంది చేసే పని, పైలట్ మంట పెద్దగా బలంగా కనిపించే చోటుకు సెన్సర్‌ను గురిపెట్టడం. అలా పెడితే పైలట్ ఎంత చిన్నదైనా, ప్రధాన గ్యాస్‌ను అంటించలేనంత చిన్నదైనా, సెన్సర్‌కు కనిపిస్తుంది. కంట్రోలర్ ప్రధాన వాల్వు తెరుస్తుంది. గ్యాస్ వెంటనే అంటుకోక, కాసేపు పోగై, ఆపై ఒక్కసారిగా భగ్గుమంటుంది. అందువల్ల పైలట్ మొదలును కాక దాని కొసను, ప్రధాన గ్యాస్‌ను తాకే కొసను, చూసేలా గురి ఉండాలి. కొస కనిపించాలంటే పైలట్ తగినంత పెద్దదై ఉండాలి. ఇంత పెద్దదైతేనే ప్రధాన మంటను అంటించగలదు.

పక్కపక్కన రెండు మూడు బర్నర్లున్న ఫర్నేసుల్లో ఒకదాని సెన్సర్ మరొకదాని మంటను చూడకూడదు. మంట సుడి తిరిగే బర్నర్లలో సుడి దిశను గమనించి గురిపెట్టాలి. రెండు యూవీ ట్యూబులు ఒకదానికొకటి ఎదురెదురుగా ఉండకూడదు, ట్యూబు డిశ్చార్జ్ అయినప్పుడు తానే కొంత యూవీ విడుదల చేసి ఎదుటి ట్యూబును మోసగించగలదు. సంకేతం బలహీనంగా ఉందని రెండు సెన్సర్లను సమాంతరంగా కలిపేవారు కూడా ఉన్నారు. ఏ ఒక్కదానికి మంట కనిపించినా సరేనని కంట్రోలర్ నమ్ముతుంది గనక, తయారీదారు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఆ పని చేయకండి.

సైట్ పైపు, చల్లని గాలి, కిటికీ

సెన్సర్‌ను బర్నర్ ముఖానికి కలిపే సైట్ పైపును సెన్సర్ వైపు నుంచి మంట వైపుకు కిందికి వాలేలా పెట్టండి. పైపు కిందినుంచి పైకి చూస్తే మసి, దుమ్ము, నూనె చుక్కలు నేరుగా కటకం మీదికి దిగుతాయి. పైపు నల్ల ఇనుముది ఉండాలి. స్టెయిన్‌లెస్ గాని జీఐ గాని వేస్తే మొదట్లో లోపలి మెరుపు గోడల మీద యూవీ ప్రతిఫలించి సంకేతం బాగా వస్తుంది, మీరూ సంతోషిస్తారు. కొన్ని నెలల్లో లోపల మసి పట్టి ఆ ప్రతిఫలనం పోతుంది, సంకేతం సగానికి పడిపోతుంది, కారణం ఎవరికీ తోచదు. నల్ల పైపులో మొదటిరోజు కనిపించిన సంకేతం చాలాకాలం అలాగే నిలుస్తుంది.

పైపును రిఫ్రాక్టరీలోనుంచి కాలే గదిలోకి పొడుచుకువచ్చేలా పెట్టకండి, కాలిపోతుంది. మొదట పైపును చిన్న వెల్డుతో నిలిపి, పరీక్షలన్నీ పూర్తయి గురి సరిపోయిందని తేలిన తరువాతే పూర్తి వెల్డింగ్ చేయండి. గురి మార్చుకోవడానికి వీలైన బంతి కీలు బిగింపు దొరికితే ఈ బాధ తగ్గుతుంది, కాని చివరికి దాని బోల్టులు గట్టిగా బిగించి రంగుతో గుర్తు పెట్టాలి. ఎవరో తుడవడానికి తీసి మళ్లీ తమకు తోచినట్టు పెట్టేస్తారు.

సెన్సర్ శరీరం తట్టుకునే వేడి రకాన్ని బట్టి చాలా మారుతుంది. కొన్నింటికి 60 డిగ్రీలు హద్దు, మరికొన్ని 100 దాటినా తట్టుకుంటాయి. మీ సెన్సర్ హద్దును చూసి, దానికీ సైట్ పైపుకూ మధ్య వేడిని ఆపే ఫైబర్ నిపుల్ వేయండి. సైట్ పైపులోకి చల్లని, పొడి, శుభ్రమైన గాలి కొద్దిగా ఇవ్వండి. ఈ గాలి పీడనం కొలిమి లోపలి పీడనం కంటే ఎప్పుడూ ఎక్కువగా ఉండాలి, లేకపోతే వేడి వాయువులే సెన్సర్ వైపు వస్తాయి. కంప్రెసర్ గాలి వాడితే అందులోని నూనె, నీరు కటకం మీద పొరగా చేరతాయి, కాబట్టి ఫిల్టర్ లేకుండా ఇవ్వకండి. బర్నర్ ఫ్యాన్ నుంచే సన్నని పైపు తీసుకోవడం చాలా చోట్ల సరిపోతుంది.

కొలిమి పీడనాన్ని ఆపడానికి సెన్సర్ ముందు కిటికీ పెట్టవలసి వస్తే అది క్వార్ట్జ్‌దే అయి ఉండాలి. మామూలు గాజు మన కంటికి ఎంత స్వచ్ఛంగా కనిపించినా ఈ తరంగదైర్ఘ్యాల యూవీని పూర్తిగా ఆపేస్తుంది. పగిలిన కిటికీ స్థానంలో స్టోర్‌లో దొరికిన గాజు బిళ్ల వేసి, ఆపై ట్యూబులు మార్చుకుంటూ పోవడం ప్లాంటుల్లో అరుదేమీ కాదు. క్వార్ట్జ్‌ను చేత్తో తాకకండి, వేలిముద్రలోని నూనె కూడా కిరణాలను తగ్గిస్తుంది. తాకితే ఆల్కహాల్‌తో తడిపిన మెత్తని గుడ్డతో తుడవండి.

వైరింగ్

యూవీ ట్యూబుకు కొన్ని వందల వోల్టులు వెళతాయి గనక కనెక్షన్లు తాకే ముందు కరెంటు తీసి ఉందో లేదో మల్టీమీటరుతో చూడండి. సెన్సర్ నుంచి వచ్చే సంకేతం మాత్రం మైక్రోయాంపియర్లలో ఉంటుంది. ఈ రెండు సంగతులూ కలిపి చూస్తే వైరింగ్‌లో ఎక్కడ జాగ్రత్తపడాలో అర్థమవుతుంది.

సెన్సర్ వైరును ఇగ్నిషన్ ట్రాన్స్‌ఫార్మర్ వైరుతో ఒకే కండ్యూట్‌లో ఎన్నడూ వేయకండి. ఇగ్నిషన్ వైరులో వేల వోల్టులు ఉంటాయి, నిప్పురవ్వ కొట్టేటప్పుడు పుట్టే అలజడి పక్క వైరులో మంట సంకేతంలాగే కనిపించగలదు. మోటారు, సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు) వైర్లతో కూడా కలపకుండా సెన్సర్‌కు వేరే కండ్యూట్ పెట్టడం మేలు. షీల్డ్ ఉన్న కేబుల్ వాడితే షీల్డ్‌ను ఒక్క చివరే, సాధారణంగా ప్యానెల్ వైపే, ఎర్తు చేయండి. పొడవు తయారీదారు చెప్పిన హద్దు దాటకూడదు, పొడవు పెరిగేకొద్దీ కేబుల్ కెపాసిటెన్స్ సంకేతాన్ని మింగేస్తుంది. కండ్యూట్ పెట్టెల్లోకి వానాకాలంలో తేమ చేరకుండా గ్లాండులు సరిగా బిగించండి.

యూవీ ట్యూబుకు, చాలా రకాల్లో, రెండు వైర్లకూ ధ్రువత ఉంటుంది, తారుమారు చేస్తే ట్యూబు పాడవుతుంది. ఫ్లేమ్ రాడ్ విషయంలో ధ్రువతకంటే ఎర్తింగ్ ముఖ్యం. బర్నర్ శరీరం నుంచి కంట్రోలర్ ఎర్తు టెర్మినల్ వరకు నేరుగా మందమైన రాగి వైరు వేయండి, బోల్టుల మీది రంగును, తుప్పును నమ్ముకోకండి. ప్యానెల్‌కు వచ్చే ఫేజ్, న్యూట్రల్ సరిగ్గా ఉన్నాయో చూడండి. ఎక్కడో బోర్డు మార్చినప్పుడు ఎలక్ట్రీషియన్ ఆ రెంటినీ మార్చేస్తే, నిన్నటిదాకా పనిచేసిన ఫ్లేమ్ రాడ్ ఈరోజు మంటను చూడదు, ఆపరేటర్ మాత్రం బర్నర్ కంపెనీని తిడతాడు.

కంట్రోలర్‌లో సమయాలు

ముందుగా పర్జ్, అంటే మంట వెలిగించేముందు ఫ్యాన్‌తో కొలిమిని కడగడం. అమెరికాలో బాయిలర్లకు వర్తించే ఎన్‌ఎఫ్‌పీఏ 85 ప్రమాణం ఒక్క బర్నరున్న ఫైర్‌ట్యూబ్ బాయిలర్‌కు లోపలి ఘనపరిమాణానికి కనీసం 4 రెట్ల గాలి, వాటర్‌ట్యూబ్‌కు (నీరు గొట్టాల లోపల ఉండే రకానికి) 8 రెట్ల గాలి పోవాలంటుంది. పైన చెప్పిన బాయిలర్‌లో 5 ఘనపు మీటర్లకు 20 ఘనపు మీటర్లు కావాలి. పూర్తి గాలి సెకనుకు సుమారు 0.67 ఘనపు మీటర్లు గనక 30 సెకన్లు పడుతుంది. డ్యాంపర్ (గాలి దారిలోని తలుపు) పూర్తిగా తెరుచుకుని, ఎయిర్ ప్రెషర్ స్విచ్ అవునన్న తరువాత లెక్కపెట్టవలసిన 30 సెకన్లివి. ఫ్యాన్ వేగం పుంజుకునే సమయాన్ని ఇందులో కలపకూడదు.

రెండోది, మంట ఆరిన తరువాత వాల్వులు మూయమని చెప్పడానికి కంట్రోలర్ తీసుకునే సమయం. యూరప్ ప్రమాణమైన ఈఎన్ 298 గ్యాస్ బర్నర్‌కు దీనిని 1 సెకనుకు పరిమితం చేస్తుంది, ఎన్‌ఎఫ్‌పీఏ 85 గరిష్ఠంగా 4 సెకన్లు ఇస్తుంది. బర్నర్ తరచూ లాకౌట్ అవుతోందని (అంటే ఆగిపోయి, చేత్తో రీసెట్ చేసేదాకా మొదలుకావడం లేదని) ఈ సమయాన్ని పెంచమని ఉత్పత్తి విభాగం వారు అడుగుతారు. పెంచితే లాకౌట్లు తగ్గుతాయి, నిజమే, కాని తగ్గేవి లాకౌట్లు మాత్రమే, మంట ఆరిపోవడం కాదు. అసలు కారణం మంట నిలకడలేనితనం, గ్యాస్ పీడనం ఊగిసలాట, గురి తప్పడం వీటిలో ఏదో ఒకటి. కంట్రోలర్‌లో సున్నితత్వం మార్చే సౌకర్యం ఉన్నా అదే నియమం: ముందు గురి, తరువాత గాలి, చివరికి మాత్రమే సెట్టింగ్. సెట్టింగ్ మార్చితే కింద చెప్పబోయే పరీక్షలన్నీ మళ్లీ చేయాలి.

లాకౌట్ తరువాత రీసెట్ ఎప్పుడూ చేత్తోనే, బర్నర్ కనిపించే చోటు నుంచే జరగాలి. కంట్రోల్ రూములో కూర్చుని వరుసగా రీసెట్ నొక్కే వీలు కల్పించకండి.

పరీక్షలు

ఇక్కడినుంచి తొందర పనికిరాదు. కింది క్రమంలోనే వెళ్లండి, ఒకదానిలో తప్పితే రెండోదానికి పోకండి.

మొదట మంట లేని పరీక్ష. గ్యాస్ వాల్వులన్నీ మూసి ఉంచి కంట్రోలర్‌కు కరెంటు ఇచ్చి, సంకేతం ఎంత ఉందో రాయండి. డీసీ మైక్రోయాంపియర్లు కొలిచే మీటరును సిరీస్‌లో పెట్టాలా, లేక కంట్రోలర్ మీద వోల్టేజి చూపే టెస్ట్ పాయింట్లు ఉన్నాయా అన్నది రకాన్ని బట్టి ఉంటుంది. ఉదాహరణకు హనీవెల్ 7800 శ్రేణిలో 0 నుంచి 5 వోల్టుల డీసీగా కనిపిస్తుంది, మంట ఉన్నప్పుడు 1.25 వోల్టులకు తగ్గకూడదు. మంట లేనప్పుడు సంకేతం సున్నా దగ్గర నిలకడగా ఉండాలి. ఈ సమయంలో దగ్గరలో వెల్డింగ్ గాని, వెల్డు అతుకుల ఎక్స్‌రే తనిఖీ గాని జరుగుతూ ఉంటే ఆపించండి, యూవీ ట్యూబు రెండింటికీ స్పందిస్తుంది.

తరువాత నిప్పురవ్వ పరీక్ష. పైలట్, ప్రధాన గ్యాస్ చేతి వాల్వులు రెండూ మూసే ఉంచి బర్నర్ స్టార్ట్ ఇవ్వండి. పర్జ్ పూర్తయి ఇగ్నిషన్ మొదలైనప్పుడు లోపల నిప్పురవ్వ మాత్రమే ఉంటుంది, మంట ఉండదు. కంట్రోలర్ మంట ఉందనకూడదు, పైలట్ సమయం ముగియగానే లాకౌట్ కావాలి. ఉందంటే సెన్సర్ నిప్పురవ్వను నేరుగానో గోడ మీది ప్రతిఫలనంగానో చూస్తోందని అర్థం. గురి మార్చండి, లేదా ఎలక్ట్రోడుకూ సెన్సర్‌కూ మధ్య చిన్న అడ్డు పెట్టండి, వైరింగ్ కూడా మళ్లీ చూడండి.

మూడోది పైలట్‌ను తగ్గించి చూసే పరీక్ష, అన్నిటికంటే ముఖ్యమైనది, అన్నిటికంటే ఎక్కువగా ఎగ్గొట్టేదీ ఇదే. ప్రధాన గ్యాస్ చేతి వాల్వు మూసి, పైలట్ వాల్వు తెరిచి బర్నర్ మొదలుపెట్టండి. కంట్రోలర్ మీద టెస్ట్ స్విచ్ ఉంటే దానితో క్రమాన్ని పైలట్ దగ్గర ఆపండి. పైలట్ గ్యాస్ పీడనాన్ని నెమ్మదిగా తగ్గిస్తూ సంకేతాన్ని గమనించండి. ఏ పీడనం దగ్గర కంట్రోలర్ మంట లేదంటుందో రాసుకుని, పీడనాన్ని దానికి కాస్త పైకి, అంటే మంట ఉందని ఒప్పుకునే అతి తక్కువ స్థాయికి తెచ్చి నిలపండి. ఇప్పుడు క్రమాన్ని ముందుకు సాగనిచ్చి, ప్రధాన వాల్వు తెరుచుకునే సమయానికి చేతి వాల్వును కొద్దిగా తెరవండి. ఇంత చిన్న పైలట్‌తో కూడా ప్రధాన మంట వెంటనే, శబ్దం లేకుండా అంటుకోవాలి. ఒక్క సెకను ఆలస్యమైనా చేతి వాల్వు మూసేయండి, పూర్తి పర్జ్ జరిగేదాకా మళ్లీ ప్రయత్నించకండి. అంటుకోలేదంటే సెన్సర్ పనికిరాని పైలట్‌ను కూడా అంగీకరిస్తోందన్నమాట. గురిని పైలట్ కొస వైపు జరపండి, లేదా సైట్ పైపులో చిన్న రంధ్రమున్న బిళ్ల వేసి చూపును తగ్గించండి, ఆపై మొదటినుంచి చేయండి. అంటుకుంటే కొన్నిసార్లు తిరిగి చేసి ఖాయపరచుకోండి, చివరిగా పైలట్‌ను మామూలు పీడనానికి తెచ్చి లాక్ నట్ బిగించండి. ఈ పరీక్ష సమయంలో బర్నర్ ముందు, బాయిలర్ వెనక తలుపు దగ్గర ఎవరూ నిలబడకూడదు.

నాలుగోది వేడి ఇటుక పరీక్ష. బాయిలర్‌ను పూర్తి భారంలో రిఫ్రాక్టరీ బాగా కాలేంతవరకు నడపండి. ఆపై ప్రధాన గ్యాస్ చేతి వాల్వును ఒక్కసారిగా మూసి, అదే క్షణంలో స్టాప్‌వాచ్ నొక్కండి. మంట ఆరి, సంకేతం పడిపోయి, నిర్ణయించిన సమయంలోపల సోలినాయిడ్ వాల్వులు మూసుకుని లాకౌట్ రావాలి. గ్యాస్ ప్రెషర్ స్విచ్ ముందుగానే ఆపేయకుండా వాల్వు ఏ చోట మూయాలో ముందే ఆలోచించుకోండి, లేకపోతే పరీక్షించింది సెన్సర్‌ను కాక ప్రెషర్ స్విచ్‌ను అవుతుంది. మంట పోయిన తరువాత కూడా సంకేతం నిలిచి ఉంటే ఆ సెన్సర్‌తో, ఆ గురితో బాయిలర్ నడపడానికి వీల్లేదు.

చివరగా కనిష్ఠ, మధ్య, గరిష్ఠ భారాల్లో సంకేతాన్ని రాయండి. బర్నర్ కనిష్ఠ మంట దగ్గర సంకేతం బలహీనపడడం సాధారణం, పూర్తి గాలి దగ్గర మంట ముఖం నుంచి దూరం జరిగి తగ్గడమూ ఉంటుంది. ఏ స్థితిలోనూ అది కనిష్ఠ హద్దుకు దగ్గరగా రాకూడదు. డ్యుయల్ ఫ్యూయల్ బర్నర్‌కు నూనె మీద కూడా ఇవన్నీ మళ్లీ చేయాలి.

ఆ తరువాత

ప్రతి షిఫ్టులో ఆవిరి పీడనం, నీటి మట్టంతో పాటు మంట సంకేతాన్ని కూడా లాగ్ బుక్‌లో రాయించండి. ఒక్క అంకె పెద్దగా ఏమీ చెప్పదు, వారాల తరబడి మెల్లగా దిగుతున్న అంకె కటకం మీద మసినో ట్యూబు వయసునో చెబుతుంది, ఒక్కసారిగా ఊగిసలాడే అంకె మంట నిలకడనో వదులైన కనెక్షన్‌నో చెబుతుంది. సంకేతం మామూలుకంటే పెరిగినా అనుమానించండి, యూవీ ట్యూబు విషయంలో అది మంచి వార్త కాకపోవచ్చు. చాలా యూవీ ట్యూబులను సుమారు 10,000 గంటలకు మార్చమని తయారీదారులు చెబుతారు. ఆగకుండా నడిచే బాయిలర్‌కు అది ఏడాదికి కొంచెం పైన మాత్రమే.

చేతి వాల్వు మూసి మంట ఆర్పి చూసే పరీక్షను కనీసం నెలకొకసారి, పైలట్ తగ్గింపు పరీక్షను ఏడాదికొకసారి, అలాగే సెన్సర్, పైలట్, గురి, గ్యాస్ పీడనం వీటిలో ఏది మారినా చేయించండి. రాత్రి షిఫ్టులో బర్నర్ ఆగితే ఉదయందాకా ఆగలేక సెన్సర్ టెర్మినళ్ల మధ్య జంపర్ వేసే అలవాటు ఉన్న చోట, తప్పు ఆపరేటర్‌ది ఒక్కడిదే కాదు. అతని చేతికి స్పేర్ సెన్సర్ ఇవ్వకుండా ఆవిరి మాత్రం కావాలన్నవారిది కూడా. అందువల్ల ప్యానెల్ గదిలోనే తాళం వేసిన పెట్టెలో ఒక స్పేర్ యూవీ ట్యూబు, ఒక క్వార్ట్జ్ కిటికీ, దాని గాస్కెట్ ఉంచండి. తాళంచెవి షిఫ్టు ఇంచార్జి దగ్గర ఉండాలి. ట్యూబు మార్చిన తేదీని పెట్టె మీదే రాయించండి, కొత్తది బిగించిన ప్రతిసారీ మంట లేని పరీక్ష, నిప్పురవ్వ పరీక్ష చేసిన తరువాతే బర్నర్‌ను ఉత్పత్తికి అప్పగించండి.